గోడ బయటి కొవ్వొత్తి

నా చిన్నప్పుడు తమిళనాడు ధర్మపురిలో మా వీధి క్రైస్తవులు రెండు రకాలు: తేరు ఉన్నవాళ్ళు, తేరు లేనివాళ్ళు. ఈ విభజన చేసింది మా అవ్వ. ఎవరు ఎవరితో ఏ దేశంలో ఎప్పుడు తెగతెంపులు చేసుకున్నారో ఆమెకు తెలియదు, అడగలేదు కూడా. ఎదురింటి ముసలావిడను మేము పాట్టి అనేవాళ్ళం, అవ్వ అనే మాటకు అది తమిళం. పాట్టి వాళ్ళ మాతా కోవిలకు, అంటే మరియమ్మ చర్చికి, ఏటా తేరు ఊరేగింపు ఉండేది. పూలు, మొక్కుబడులు, కాషాయం కట్టుకుని వేళాంగణ్ణికి నడిచిపోయి గుండు కొట్టించుకుని రావడాలు, అన్నీ ఉండేవి. అందుకని పాట్టి వాళ్ళ దేవుడు మా అవ్వ దృష్టిలో దాదాపు చుట్టం. తేరు లేనివాళ్ళ గుడిలో బెంచీలు, పుస్తకాలు, పాటలు తప్ప ఏమీ ఉండవని విన్నప్పుడు, పాపం ఆ దేవుడికి ఏడాదికొకసారైనా బయట తిరగాలని ఉండదా అని అవ్వ నిజంగానే బాధపడింది.

మేము తెలుగువాళ్ళం. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో మా నాన్నకే తెలియదు. ఆయనకు చింతపండు ధర మాత్రం కచ్చితంగా తెలుసు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఎదురింటి పాట్టి తమిళావిడ. ఆమె, మా అవ్వ ఒకే కాలంలో ఆ వీధికి కాపురానికి వచ్చారు. ఒకరి పొయ్యిలో నిప్పు ఒకరు తెచ్చుకుని, ఒకరి పిల్లలను ఒకరు తిట్టి, ఇద్దరూ కలిసే ముసలివాళ్ళయ్యారు.

పాట్టికి మిగిలింది ఒక్క కొడుకు. మేము అన్న అనేవాళ్ళం. ఆయన ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసేవాడు. అక్కడే పనిచేసే నర్సును ఇష్టపడ్డాడు. ఆమెది ఒంగోలు పక్క, తెలుగు పిల్ల, బాప్టిస్టు. అంటే తేరు లేని రకం. ఈ గుడికి ఆ పిల్ల కుదరలేదు, ఆ గుడికి ఈ పిల్లవాడు కుదరలేదు. చివరికి ఇద్దరూ రిజిస్టరు ఆఫీసులో గాంధీ పటం కింద పెళ్ళి చేసుకున్నారు. గాంధీ అభ్యంతరం చెప్పలేదు.

అలా ఎదురింటికి కోడలై వచ్చిన అక్క మా ఇంటికి మొదటిసారి వచ్చి "మామ్మగారూ" అని పిలిచినప్పుడు, మా అవ్వ వెనక్కి తిరిగి చూసింది, ఎవరో పెద్దమనిషి వచ్చారేమోనని. మా తెలుగులో 'గారు' లేదు. మేము 'వచ్చినాను' అంటే ఆమె 'వచ్చాను' అనేది. అయినా గడప దాటాక కూడా తెలుగు మాట్లాడే మనిషి ఒకరు దొరకడం అవ్వకు పండుగైంది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ అక్కే, తన తెలుగు బైబిలు ముందు పెట్టుకుని. ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆమె పుణ్యమే. అక్షరాలు దిద్దిస్తూ ఒకసారి తన బాప్తిస్మం గురించి చెప్పింది. పెళ్ళికి ముందు, వాళ్ళ ఊరి కాలువలో, తెల్లచీర కట్టుకుని మెడలోతు నీళ్ళలో నిలబడిందట. ఎవరూ బలవంతపెట్టలేదట, తానే ఒప్పుకుందట. ఆ మాట చెప్తూ బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. నేను మాత్రం, కాలువలో చేపలు కరవలేదా అని అడిగాను. నా నోరు ఆ వయసులో అలాగే ఉండేది. వీధిలో నన్ను వాయాడి అనేవాళ్ళు, వాగుడుకాయకు అది తమిళం.

వాళ్ళ పెళ్ళయిన ఏడాది నవంబరులో పాట్టి వాళ్ళ సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు కాథలిక్కులు శ్మశానం శుభ్రం చేసి, సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పాట్టికి తోడుగా అవ్వ వెళ్ళింది, అవ్వ కొంగు పట్టుకుని నేను. అక్క వచ్చింది కానీ గేటు బయటే నిలబడింది. పోయినవాళ్ళ కోసం దీపం పెట్టడం వాళ్ళలో లేదట. పాట్టి ముఖం ముడుచుకుంది. లోపల తన భర్త సమాధి మీద కొవ్వొత్తులు వెలిగించింది. ఆ తర్వాత ఒక కొవ్వొత్తి చేతపట్టుకుని బయటికొచ్చి, ప్రహరీ గోడ చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. అక్కడ తంగేడు పొదల మధ్య సమాధి లేదు, సిలువ లేదు. ఉత్త మట్టి. దాని మీద ఆ కొవ్వొత్తి నిలబెట్టి, గాలికి ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ వెలిగిస్తూ చాలాసేపు కూర్చుంది. అక్క దూరం నుంచి చూసి, "పుట్టకు పెడుతున్నారా?" అని మెల్లగా నన్ను అడిగింది. "లేదక్కా, ఒకటి మిగిలిపోయింటాది" అన్నాను. మా అవ్వ నా నెత్తిన ఒక్కటి వేసింది. ఎందుకు వేసిందో చెప్పలేదు.

మరుసటి ఎండాకాలంలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఎదురింట్లో యుద్ధం కూడా అప్పుడే పుట్టింది.

పాట్టి లెక్కలో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే కోవిలకు తీసుకుపోయి సామియారు చేత, అంటే వాళ్ళ ఫాదరు చేత, తల మీద నీళ్ళు పోయించి జ్ఞానస్నానం ఇప్పించాలి. అక్క లెక్కలో ఊయలలో ఉన్న పిల్లకు బాప్తిస్మం ఏమిటి? పెరగాలి, తెలుసుకోవాలి, తనంతట తాను నీళ్ళలోకి దిగాలి. ఒకరు ఇప్పుడే అంటారు, ఒకరు ఇప్పుడు కాదంటారు. ఇద్దరూ అదే యేసు పేరు చెప్పి ఏడ్చేవాళ్ళు, ఒకరు వంటింట్లో, ఒకరు వరండాలో. మధ్య గదిలో అన్న రేడియో పెంచేవాడు. చివరికి ఆయన రేడియో కట్టేసి, మాతా పటం ముందు వాళ్ళమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు: "కోడలు ఒప్పుకోనంత వరకూ నా చేత్తో పాప తల మీద నీళ్ళు పోయను" అని. పాట్టి ఒట్టు వేసింది. ఆ తర్వాత కోడలితో అవసరానికి మించి మాట్లాడడం మానేసింది.

పాపకు స్నానం చేయించేది మా అవ్వే. మా వీధిలో పసిపిల్లలందరూ ఆమె కాళ్ళ మీదే పెరిగారు. గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రుద్ది, గోరువెచ్చని నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. ఏ మతం బిడ్డయినా అదే నూనె, అదే ఏడుపు.

వానలు మొదలయ్యాక పాపకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. డాక్టరు మందు రాసి, ఉప్పూ చక్కెరా కలిపిన కాచిన నీళ్ళు చెంచాతో పడుతూనే ఉండమన్నాడు. ఒంట్లో నీళ్ళు నిలిచి బిడ్డ మూత్రం పోస్తే భయం లేదు, తెల్లవారేసరికి పోయకపోతే సేలం పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి అన్నాడు. అక్క నర్సు కాబట్టి ఆ మాటకు అర్థం ఆమెకు అందరికంటే బాగా తెలుసు. పాప కళ్ళు లోతుకు పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. అక్క చెంచా, గిన్నె పట్టుకుని కదలకుండా కూర్చుంది. అప్పుడప్పుడూ గుడ్డ తడిసిందేమోనని తడిమి చూసేది. తడవలేదు.

ఆ సాయంత్రం పాట్టి మా పెరట్లోకి వచ్చింది. అవ్వ చింతగింజలు ఏరుతోంది, నేను ఏరినట్టు నటిస్తున్నాను. పాట్టి చుట్టూ చూసి, తమిళంలో గొంతు తగ్గించి చెప్పింది. ప్రాణం మీదికి వస్తే సామియారే ఉండనక్కరలేదట. ఎవరైనా పోయవచ్చట, వేరే మతం వాళ్ళయినా సరే. నీళ్ళు పోస్తూ జ్ఞానస్నానం మాటలు పలికితే చాలట, ఈ సంగతి తనకే చాలా ఆలస్యంగా తెలిసిందట.

"అక్కా, నా చేత్తో పోయనని ఒట్టు పెట్టుకున్నాను. నీ చేతికి ఒట్టు లేదు కదా. రేపు పొద్దున ఒళ్ళు తుడిచేటప్పుడు తల మీద కొంచెం పోసి, మెల్లగా నోట్లోనే ఆ మాట అనేసెయ్యి. ఆ పిల్లకు తెలియనే తెలియదు."

అవ్వ చింతగింజలు పక్కన పెట్టింది. పాట్టి ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

నాకు ఆ ఎత్తు భలే నచ్చింది. "పోసేయి అవ్వా! ఎవురికి తెలుస్తాది? ఎటూ నీళ్ళు పోస్తావు. పాట్టికి సంతోషం, అక్కకు తెలియదు, పాపకు ఏమీ లేదు. నాకు ఆ మాటలు నేర్పిస్తే నేనే చెప్పేస్తాను, సామియారు గొంతుతో" అన్నాను. చేసి చూపించాను కూడా.

అవ్వ నవ్వలేదు. నన్ను దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టింది. "ఏమే, నా కాళ్ళ మీద బిడ్డను పెట్టినాక తల్లి ఏం చేస్తాది, చూసినావా?" అని అడిగింది. నాకు తెలుసు. గుడ్డ తేవడానికో పాలు కాచడానికో లోపలికి పోతుంది. "వెనక్కి తిరిగి చూడకుండా పోతాది. అందుకే నేను పోయను. నాకు ఆ మాటల మీద నమ్మకం లేదు, నాకు అవి ఉత్త నీళ్ళు. ఉత్త నీళ్ళు పోసేదానికి నాకేం కష్టం? కష్టం లేదు కాబట్టే పోయకూడదు" అంది. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మరునాడు తెల్లవారాక వాన ఆగింది. అన్న సేలం పోవడానికి కారు మాట్లాడడానికి బస్టాండు వైపు పోయాడు. అవ్వ రోజూలాగే మా పొయ్యి మీద నీళ్ళు కాచి, చెంబు నా చేతికిచ్చి, ఎదురింటికి నడిచింది. గుమ్మంలో ఉన్న పాట్టి ఆ చెంబు చూసింది. ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. స్తంభం పక్కన నిలబడి, జపమాల చేతిలో పట్టుకుని, పెదవులు కదుపుతూ ఎదురుచూడసాగింది.

అవ్వ గోడకు ఆనుకుని కాళ్ళు చాపింది. అక్క పాపను ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టి, గుడ్డ తేవడానికి వెనక్కి తిరిగింది.

"ఉండమ్మా. గుడ్డ తర్వాత. ఇట్లా వచ్చి కూర్చో" అంది అవ్వ, తెలుగులో.

అక్క కూర్చుంది. అవ్వ పాప తల నిమురుతూ, తలెత్తకుండా చెప్పసాగింది. "ఆ పొద్దు గోడ బయట ఈయమ్మ కొవ్వొత్తి పెట్టింది, చూసినావు కదా. అది పుట్ట కాదు. ఆమె తొలి బిడ్డ. ఆడబిడ్డ. ఈ కాళ్ళ మీదే నేను నీళ్ళు పోసినాను. అప్పుడు సామియారు సేలం నుంచి రావాల. వాన. ఆయన వచ్చేలోపల బిడ్డ పోయింది. జ్ఞానస్నానం కాని బిడ్డకు గోడ లోపల చోటు లేదన్నారు. బయట పెట్టినారు. మొగుడు లోపల ఉండాడు. రేపు ఈమె పోయినా లోపలే పెడతారు. ఆ బిడ్డ ఒకతే బయట."

పాట్టికి తెలుగు రాదు. కానీ అవ్వ చెయ్యి శ్మశానం ఉన్న దిక్కుకు లేచింది. పాట్టి జపమాల కదలడం ఆగిపోయింది. "అక్కా, ఏం చెప్తున్నావు ఆమెకు?" అని తమిళంలో అడిగింది.

"నీ కడుపులో ఉండేదే చెప్తున్నాను. నువ్వు చెప్పవు, నీ కొడుకు చెప్పడు. ఆ పిల్లకు కలలో తెలియాలా?" అని తమిళంలోనే కసిరి, అవ్వ మళ్ళీ తెలుగులోకి తిరిగింది. "నిన్న నన్ను అడిగింది, నీకు తెలియకుండా పాప తల మీద పోయమని. నేను పోయను. నీ బిడ్డ. నువ్వు చెప్పు."

చూరు నుంచి నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. అక్క పాట్టి వైపు చూసింది. పెళ్ళయ్యాక ఆమె అత్తగారిని అంతసేపు చూడడం నేను మొదటిసారి చూశాను.

"మామ్మగారూ, మా నమ్మకంలో ఇది బాప్తిస్మం కాదండీ" అంది చివరికి. "పాప పెద్దయ్యాక తన కాలవ తను వెతుక్కుంటుంది. దాన్నెవరూ తీసుకోలేరు. ఇది ఊరికే నీళ్ళు." ఆగింది. "ఊరికే నీళ్ళనుకుంటూ, ఇన్నాళ్ళూ ఈవిడకు పోయనివ్వకుండా పట్టుకుని కూర్చున్నాను."

లేచి, నా చేతిలో చెంబు తీసుకుని, పాట్టి చేతిలో పెట్టింది. తనకు వచ్చీరాని తమిళంలో అంది: "అత్తయ్యా, మామ్మగారు వద్దు. మీరే పోయండి. నేను చూస్తుంటాను."

"నేను ఒట్టు వేశాను" అంది పాట్టి.

"నా కోసం వేసిందే కదా. నేనే వదిలేశాను."

పాట్టి కింద కూర్చుంది. చెంబు వంచబోయి ఆగి, పేరేమని పోయాలి అని అడిగింది. పాప అప్పటికి అందరికీ పాపే. మీరే పెట్టండి అంది అక్క. పాట్టి ఒక పేరు చెప్పింది. ఆ పేరు వినగానే మా అవ్వ కళ్ళు మూసుకుంది. అది ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న పేరని, ఒకసారి ఎవరికో పెట్టాలనుకుని పెట్టలేకపోయిన పేరని నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పాట్టి ఆ మాటలు పలుకుతూ నీళ్ళు పోసింది. దోసెడు కూడా ఉండవు. అక్క తన పాప తల కింద చెయ్యి పెట్టి, నీళ్ళు కళ్ళలో పడకుండా పట్టుకుంది.

అంతలో పాప తన వంతు కూడా కానిచ్చింది. మా అవ్వ కాళ్ళ మీద వెచ్చగా, ధారగా ఉచ్చ పోసింది.

"అవ్వా! పాప నీకూ జ్ఞానస్నానం చేసేసింది! నువ్వూ వాళ్ళల్లో కలిసిపోయినావు!" అని అరిచాను. ఆపుకోలేకపోయాను.

నెత్తిన పడుతుందనుకున్నాను. పడలేదు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పోసింది మామ్మగారూ, పోసింది!" అంటూ ఆ తడిసిన కాళ్ళను, అవ్వ చీరను రెండు చేతులతో తడిమింది. రాత్రంతా పొడిగుడ్డ తడిమిన చేతులు అవి. పాట్టికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోడలి భుజం మీద తల వాల్చేసింది. మా అవ్వ మాత్రం కదలకుండా కూర్చుని, "ఎవురన్నా ఒక గుడ్డ ఇస్తారా, లేదా?" అని అడిగింది.

సేలం పోవాల్సిన కారు ఆస్పత్రి దాకా పోయి వెనక్కి వచ్చింది. డాక్టరు చూసి గండం గడిచిందన్నాడు. ఏ నీళ్ళ వల్ల గడిచింది అన్న దాని మీద మాత్రం ఎదురింట్లో ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. పాట్టి తన నీళ్ళే అనేది. అక్క ఉప్పు చక్కెర నీళ్ళు అనేది. ఈసారి ఆ చర్చ ఒకే వంటింట్లో, ఒకరు కూర తరుగుతుంటే ఒకరు తాలింపు వేస్తూ జరిగేది. ఎవరూ మతం మారలేదు. ఆదివారం వస్తే అత్త తేరున్న గుడికి, కోడలు తేరు లేని గుడికి. అన్న వంతులవారీగా ఇద్దరికీ సైకిలు తొక్కేవాడు.

ఆ పాప పెరిగి, చదువుకుని, తనంతట తానే అడిగి, ఒంగోలు పక్క వాళ్ళమ్మ ఊరి కాలువలోనే బాప్తిస్మం తీసుకుంది. అప్పటికి మా అవ్వ లేదు. బాగా ముసలిదైపోయిన పాట్టికి ఆ సంగతి ఎలా చెప్పాలా అని ఇల్లంతా భయపడితే, ఆమె విని, "చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు నీళ్ళంటే ఇష్టమే" అని మళ్ళీ జపమాల అందుకుందట.

కానీ నాలో నిలిచిపోయింది అవేవీ కావు. పాప కోలుకున్న ఏడాది నవంబరు. మళ్ళీ సమాధుల పండుగ. పాట్టి లోపల పని ముగించి, ఒక కొవ్వొత్తి పట్టుకుని, గోడ చుట్టూ తిరిగి వెనక్కి నడిచింది. గేటు దగ్గర నిలబడి ఉన్న అక్క, పాపను మా అవ్వ చేతికిచ్చి, ఆమె వెనకే పోయింది. నేనూ పరిగెత్తాను. పాట్టి తంగేడు పొదల మధ్య మట్టి మీద కొవ్వొత్తి నిలిపి అగ్గిపుల్ల గీసింది. గాలి. అక్క కొవ్వొత్తి వెలిగించలేదు. దండం పెట్టలేదు. అది ఆమె నమ్మకంలో లేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ వెలిగించలేదు. ఊరికే పక్కన కూర్చుని, గాలి వచ్చే వైపు తన రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. కొవ్వొత్తి చివరిదాకా కాలింది.

నేను ఇప్పటికీ వెటకారం మానలేదు. ఎవరి గుడి అయినా, ఎవరి పండుగ అయినా, నాకు ఏదో ఒక జోకు దొరుకుతుంది. నాకు పట్టింపు లేని దీపాలు ఈ లోకంలో చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి ఎవరి ముందైనా గాలికి రెపరెపలాడుతుంటే, జోకు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, అటు వైపు వెళ్ళి కూర్చుంటాను.